అవ్వ కీళ్ల నొప్పికి సంతలో పొట్లం కాదు, మన పీహెచ్‌సీలో వైద్యం కావాలి



ఈసారి పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. పోడు పట్టాల గురించి, డీఎస్సీ గురించి, హాస్టల్ మెస్ గురించి మనం ఇక్కడ చాలా రాసుకున్నాం. కీళ్ల నొప్పుల గురించి మాత్రం ఎవరం రాయలేదు. అది ముసలోళ్ల సంగతి అనుకుంటాం. వయసు మీద పడితే మోకాళ్లు లాగవా, నడుము పట్టదా అని వదిలేస్తాం. కానీ సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ఒక్కసారి గమనించండి. చూరులోనో, బియ్యం డబ్బా మీదనో ఒక మాత్రల పొట్లం ఉంటుంది. పేరు ఉండదు, తేదీ ఉండదు. తెల్లది ఒకటి, రంగుది ఒకటి, చిటికెన గోరంత చిన్నది ఒకటి. సంతకి వెళ్లినప్పుడు తెచ్చుకుంటారు, అయిపోతే మళ్లీ సంతకి తెచ్చుకుంటారు. ఇలా ఏళ్లకేళ్లు నడుస్తోంది. ఈ పోస్టు ఆ పొట్లం గురించి.

ముందే ఒక మాట. ఇది చదివి ఎవరూ ఆవేశంగా ఇంటికెళ్లి ఆ పొట్లం పొయ్యిలో పడేయొద్దు. ఎందుకు పడేయకూడదో కింద రాశాం. అది చాలా ముఖ్యం.

మన వాళ్లు నొప్పికి భయపడేవాళ్లు కాదు. అడ్డాకుల మోపు, కట్టెల మోపు, నీళ్ల బిందె తల మీద పెట్టుకుని కొండెక్కి దిగినవాళ్లు. కాఫీ పళ్ల కోత, పసుపు తవ్వకం, కలుపు తీత, అన్నీ గొంతుకు కూర్చునో, వంగునో చేసే పనులే. అలాంటి మనిషి మాత్ర అడిగిందంటే, అది లేకుండా రేపు పనికి లేవలేదని అర్థం. ఒక రోజు పనికి పోకపోతే ఆ రోజు కూలి పోతుంది. అందుకే "ముసలోళ్లకి అవగాహన లేదు, ఆర్ఎంపీ దగ్గరికి పరిగెడతారు" అని మనలో చదువుకున్నవాళ్లే తేలిగ్గా అనడం మాకు నచ్చదు. రాత్రి పదింటికి బండి మీద వచ్చేది ఆర్ఎంపీయే. అప్పు పెట్టేది ఆయనే. మన భాష కొంచెమైనా మాట్లాడేది ఆయనే. పెద్దాసుపత్రికి పోవాలంటే రోజంతా పోతుంది, జీపు ఖర్చు, తోడుగా వచ్చే మనిషి కూలి కూడా పోతాయి. ఇంకా డోలీ మోసే ఊళ్లు కూడా ఉన్నాయి. తప్పు అవ్వది కాదు.

అయితే తప్పు ఎవరిదైనా దెబ్బ మాత్రం అవ్వకే తగులుతోంది. అది చెప్పడానికే ఇంత రాస్తున్నాం.

నొప్పి ఒకటే, జబ్బులు చాలా

మన ఊళ్లల్లో అన్నిటికీ ఒకటే పేరు, "కీళ్ల నొప్పులు". కానీ లోపల ఉన్న జబ్బు ఒకటే కాదు.

మొదటిది అరుగుదల. ఏళ్ల తరబడి బరువు మోసి, కూర్చుని లేచి మోకాళ్ల చిప్పల్లో మెత్తటి భాగం అరిగిపోతుంది. నడిస్తే నొప్పి, కూర్చుంటే కొంచెం తగ్గుతుంది. పొద్దున్న బిగుసుకున్నా కాసేపట్లో వదులవుతుంది.

రెండోది కీళ్లవాతం. రుమటాయిడ్ అంటారు. ఇది వయసు వల్ల వచ్చేది కాదు. మన ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన శక్తే తిరగబడి మన కీళ్లనే తినేస్తుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లకి రెండు మూడు రెట్లు ఎక్కువ వస్తుంది. ముప్పై, నలభై ఏళ్లకే రావచ్చు, ఇంకా ముందూ రావచ్చు. రెండు చేతుల వేళ్ల కణుపులు, మణికట్లు, కాలి వేళ్లు రెండు పక్కలా వాస్తాయి. పొద్దున్న లేస్తే గంట సేపు పిడికిలి మూసుకోదు. సరైన మందు లేకపోతే వేళ్లు వంకర్లు పోతాయి, అలా పోయినవి మళ్లీ తిన్నగా రావు.

మూడోది చికున్‌గున్యా తర్వాత మిగిలిపోయే నొప్పి. 2005 చివర్లో, 2006లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ జ్వరం ఎలా ఊళ్లకి ఊళ్లనే పడేసిందో మన అమ్మానాన్నల్ని అడగండి. జ్వరం వారంలో పోతుంది, కీళ్ల నొప్పి నెలల తరబడి ఉండిపోతుంది.

నాలుగోది మనం అసలు మర్చిపోకూడనిది, సికిల్ సెల్. ఇది కీళ్లవాతం కాదు, రక్తం జబ్బు. కానీ పైకి కనిపించేది ఎముకల నొప్పి, కీళ్ల నొప్పే. చిన్నపిల్లలకి చేతులు, పాదాలు వాచిపోతాయి. పెద్దయ్యాక కొందరికి తుంటి ఎముకకి రక్తం అందక అది దెబ్బతింటుంది. మధ్య భారతంలోని ఆదివాసీల్లో ఈ జబ్బు ఎక్కువ. అందుకే 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాదోల్‌లో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. నలభై ఏళ్ల లోపు వాళ్లు ఏడు కోట్ల మందికి పరీక్ష చేస్తామంది. 20 ఏళ్ల కుర్రోడు తుంటి నొప్పి అంటే "జిమ్ముకి పోయావా" అని నవ్వడం కాదు, సికిల్ పరీక్ష అయిందా అని అడగాలి. ఆ జబ్బు ఉన్నవాళ్లకి స్టెరాయిడ్ ఇస్తే తర్వాత నొప్పి ఇంకా గట్టిగా తిరగబెట్టే ప్రమాదం ఉంది. సూది వేసే ఆర్ఎంపీకి అది తెలుసా?

ఇన్ని జబ్బులకీ సంతలో ఇచ్చే పొట్లం మాత్రం ఒకటే. మా మొదటి అభ్యంతరం ఇదే.

ఆ పొట్లంలో ఏముంది

మామూలుగా రెండు రకాలు ఉంటాయి. ఒకటి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర. రెండోది ఆ చిన్న మాత్ర. అది చాలాసార్లు స్టెరాయిడ్. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్, పేరు ఏదైనా సరే. "ఆయుర్వేదం పొడి" అని అమ్మేవాటిల్లో కూడా స్టెరాయిడ్ కలిపి దొరికిన సందర్భాలు దేశమంతా ఉన్నాయి. పేరు లేని పొడి తిన్న రెండో రోజుకే లేచి పరిగెత్తేంత హుషారు వచ్చిందంటే సంతోషించకండి, అనుమానించండి.

నొప్పి మాత్ర చెడ్డదని మేము అనట్లేదు. డాక్టర్లు కూడా రాస్తారు. తిన్నాక, కొన్నాళ్లు, అవసరమైనంతే వాడితే అది మేలే చేస్తుంది. మన దగ్గర వాడే పద్ధతి వేరు. పొద్దున్నే ఇంత అంబలి తాగి, ఒక్కోసారి అదీ లేకుండా, మాత్ర మింగి కొండకి పోతారు. ఖాళీ కడుపులో అది పుండు చేస్తుంది. ఎండలో చెమటోడ్చి నీళ్లు సరిగ్గా తాగని ఒంట్లో అది కిడ్నీల మీద పడుతుంది. బీపీ ఉన్నవాళ్లకి బీపీ పెంచుతుంది. ఆర్ఎంపీ ఇచ్చినది ఒకటి, మెడికల్ షాపులో కొన్నది ఒకటి, రెండూ కలిపి వేసుకుంటారు. పేర్లు వేరైనా జాతి ఒకటే, అంటే డబుల్ డోసు. తారులా నల్లటి విరేచనం అయితే, అది లోపల రక్తం పోతున్న గుర్తు కావచ్చు. ఐరన్ మాత్రలు వేసుకున్నా విరేచనం నల్లగానే వస్తుంది గానీ, నొప్పి మాత్రలు వాడే మనిషికి తారులా జిగటగా, నీరసంతో వస్తే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. కాళ్లు, ముఖం వాచి, ఒంటికి తక్కువగా వస్తుంటే కూడా అంతే.

ఒక సంగతి చెప్తాం. పశువులకి వేసిన డైక్లోఫెనాక్ వల్ల మన దేశంలో రాబందులు కుప్పలు కుప్పలుగా చచ్చిపోయాయి. మందు వేసిన పశువు చస్తే దాన్ని తిన్న రాబందుకి కిడ్నీలు పాడయ్యేవి. ఆ సంగతి తేలాక 2006లో పశువులకి ఆ మందు ఆపారు. మనుషుల కోసం తయారయ్యే పెద్ద సీసాలు పశువులకి వాడుతున్నారని 2015లో 3 మిల్లీలీటర్ల ఒక్క డోసు సీసాలే తయారు చేయాలన్నారు. మంచి పని చేశారు. ఆసిఫాబాద్ జిల్లా పాలరాపు గుట్ట మీద రాబందులు కనిపిస్తే మనమూ సంతోషపడ్డాం. మనిషి ఒళ్లు రాబందు ఒళ్లు కాదు, ఆ రెండూ ఒకటని అనట్లేదు. మేము అడిగేది ఒకటే. పక్షి కిడ్నీ కోసం సీసా సైజు దాకా లెక్క చూసిన దేశం, మా అవ్వ పొట్లంలో ఎన్ని మాత్రలు ఉన్నాయో ఎందుకు చూడదు? ఈ నొప్పి మందులు, స్టెరాయిడ్లు షెడ్యూల్ హెచ్‌లో ఉన్నాయి. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. చట్టం ఉంది, సంత దాకా రాలేదు.

స్టెరాయిడ్ కథ ఇంకోటి. 1948లో అమెరికాలో హెంచ్ అనే డాక్టర్ కీళ్లవాతంతో మంచం పట్టిన మనిషికి కార్టిసోన్ ఇస్తే రోజుల్లో లేచి నడిచింది. 1950లో ఆయనకి, ఇంకో ఇద్దరికి నోబెల్ వచ్చింది. కొన్నాళ్లకే దాని రెండో ముఖం కూడా బయటపడింది. ఎక్కువ కాలం వాడితే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, షుగర్ వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి, కంట్లో శుక్లాలు వస్తాయి, ఒంట్లో నిద్రపోతున్న టీబీ లేస్తుంది. "అవ్వ ఒళ్లు చేసింది, ముఖం నిండుగా ఉంది" అని మనం సంతోషపడేది ఒక్కోసారి ఆ ఉబ్బే.

ఇప్పుడు మొదట్లో చెప్పిన మాట. పొట్లం ఎందుకు పడేయకూడదు? స్టెరాయిడ్‌ని మూడు వారాలు దాటి రోజూ వాడితే, ఒళ్లు సొంతంగా తయారు చేసుకునే ఆ పదార్థాన్ని తగ్గించేస్తుంది. అలాంటి మనిషికి ఒక్కసారిగా ఆపేస్తే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం, చివరికి ప్రాణం మీదకి రావచ్చు. అందుకని ఆ పొట్లాన్ని ఫోటో తీయండి, పొట్లంతో సహా అవ్వని పీహెచ్‌సీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, ఎన్నాళ్ల నుంచి వాడుతోందో దాచకుండా చెప్పండి. మెల్లగా తగ్గించే లెక్క డాక్టర్ చెప్తారు. ఆర్ఎంపీ దగ్గరికి పోయామని చెప్తే తిడతారని మన వాళ్లు దాచేస్తారు. డాక్టర్లకి కూడా ఈ గ్రూపు నుంచి ఒక మనవి. దయచేసి తిట్టకండి. తిడితే నిజం బయటికి రాదు.

మంచి మందుకి ఓపిక కావాలి, ఆ ఓపికకి డబ్బు కావాలి

కీళ్లవాతానికి మందు లేకపోలేదు. మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజైన్ లాంటివి ఎప్పటి నుంచో ఉన్నాయి. మొదటి రెండూ 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో కూడా ఉన్నాయి. ఇవి నొప్పిని కప్పిపెట్టేవి కాదు, జబ్బునే అణిచేవి. మరి మన వాళ్లు ఎందుకు మధ్యలో వదిలేస్తారు?

లెక్క చూడండి. సంత మాత్ర గంటలో పని చేస్తుంది. ఆసుపత్రి మందు పని కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. సంత మాత్ర చేసే హాని ఏళ్ల తర్వాత కనిపిస్తుంది. ఆసుపత్రి మందు ఇబ్బంది మర్నాడే తెలుస్తుంది, వికారం, నోరు పూత, తల తిరగడం. మేలు ముందు, కీడు తర్వాత వచ్చేది ఒకటి. కీడు ముందు, మేలు తర్వాత వచ్చేది ఇంకోటి. అక్షరం రాని మనిషే కాదు, డిగ్రీ చదివినవాడు కూడా మొదటిదే మంచి మందు అనుకుంటాడు. ఈ సంగతి మొదటి రోజే మన భాషలో కూర్చోబెట్టి చెప్పకుండా "మందులు వాడటం లేదు" అని పేషెంటు మీద రాసేయడం అన్యాయం.

మన ఇళ్లల్లో ఎవరైనా ఈ మందుల మీద ఉంటే తెలుసుకోవాల్సినవి ఇవి:

1. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. రోజూ కాదు. పొరపాటున రోజూ వేసుకుంటే రక్త కణాలు పడిపోయి ప్రాణం పోతుంది. మన ఊళ్లో వారానికి ఒక్కసారి తప్పకుండా వచ్చేది సంత. కాబట్టి "సంత రోజు మాత్ర" అని పేరు పెట్టేయండి. సంత నుంచి వచ్చి, రాత్రి తిన్నాక. మళ్లీ సంత దాకా ముట్టుకోకూడదు. ఆ మాత్రల్ని మిగతా మాత్రల్లో కలపకుండా వేరే డబ్బాలో పెట్టండి.

2. దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ రాస్తారు. అది బలం మాత్ర కదా అని వదిలేయొద్దు. నోటి పూత, వికారం తగ్గించేది అదే. ఏ రోజు వేసుకోవాలో చీటీలో చూసి చెప్పండి.

3. వికారం ఎక్కువైతే మానేయడం కాదు, డాక్టర్‌కి చెప్పాలి. డోసు మార్చగలరు, అదే మందుని సూదిగా ఇవ్వగలరు, వేరే మందు పెట్టగలరు.

4. జ్వరం, నోరంతా పుండ్లు, పొడి దగ్గుతో ఆయాసం, ఒంటి మీద కమిలిన మచ్చలు, కళ్లు పచ్చబడటం, వీటిల్లో ఏది వచ్చినా తర్వాతి డోసు ఆపి వెంటనే ఆసుపత్రికి పోవాలి.

5. ఈ మందు మీద ఉన్నవాళ్లకి జ్వరమనో, విరేచనాలనో కో-ట్రైమోక్సజోల్ మాత్రలు ఇవ్వకూడదు. రెండూ కలిస్తే రక్త కణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ఏ డాక్టర్ దగ్గరికి పోయినా, ఏ ఆర్ఎంపీ దగ్గరికి పోయినా ముందు చీటీ చూపించాలి.

6. ఇప్ప సారా, జీలుగు కల్లు మన పండగల్లో, పెళ్లిళ్లలో, చావుల్లో ఉండేవి. వాటిని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం మాకు లేదు. కానీ మెథోట్రెక్సేట్, సారా రెండూ కాలేయం మీదే పడతాయి. ఈ మందు వేసుకునే మనిషికి గిన్నె చేతికివ్వకపోవడమే గౌరవం.

7. పెళ్లయిన అక్కలు, వదినలు ఈ మందు మీద ఉండి బిడ్డ కావాలనుకుంటే నెలల ముందే డాక్టర్‌కి చెప్పాలి. మెథోట్రెక్సేట్ కడుపులో బిడ్డకి చాలా ప్రమాదం. బిడ్డకి హాని చేయని వేరే మందులు ఉన్నాయి, మార్చి ఇస్తారు. సిగ్గుపడే విషయం కాదు. ఆశా అక్కకి చెప్పినా చాలు.

8. హైడ్రాక్సీక్లోరోక్విన్ పేరు చూసి "మలేరియా మాత్రే కదా" అని ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా పంచేయొద్దు. నిజమే, అది మన ఏజెన్సీకి బాగా తెలిసిన క్లోరోక్విన్ చుట్టమే. కానీ ఈ మనిషికి ఇచ్చింది కీళ్ల కోసం. ఎక్కువ ఏళ్లు వాడితే కంటి పొరని దెబ్బతీయొచ్చు, అందుకే మొదట్లో ఒకసారి, ఐదేళ్లు దాటాక ఏడాదికోసారి కంటి పరీక్ష చేయించాలి.

9. సల్ఫాసలజైన్ ఇచ్చే ముందు జీ6పీడీ పరీక్ష గురించి అడగండి. మన ఆదివాసీ తెగల్లో చాలామందికి ఈ లోపం ఉంటుంది. ఉన్నవాళ్లకి కొన్ని మందులు పడితే రక్తం విరిగిపోయి ఒంటికి ముదురు రంగులో వస్తుంది. మలేరియాకి ప్రైమాక్విన్ ఇచ్చేటప్పుడు కూడా ఇదే భయం.

ఇవన్నీ చదివి "అమ్మో, ఇన్ని ఇబ్బందులా, వద్దులే" అనుకోకండి. సంత పొట్లానికీ దీనికీ తేడా ఒక్కటే. దీని ఇబ్బంది ముందే తెలుసు, రక్త పరీక్షతో పట్టుకోవచ్చు. దానిది పట్టుకునేవాడు లేడు.

చెట్టు మందు గురించి

గ్రూపులో కొందరు అన్నలు "అల్లోపతి అంతా సైడ్ ఎఫెక్టులే, మన అడవి మందుకి పోదాం" అంటారు. మన పెద్దల తెలివి మీద మాకూ గౌరవం ఉంది. వావిలాకు మరిగించిన వేడి నీళ్లతో కాపడం పెడితే నొప్పి, బిగుతు తగ్గుతాయి. అది మానక్కర్లేదు. అరుగుదల నొప్పికైతే నొప్పి ఉన్న కాలికి అవతలి చేత్తో కర్ర పట్టుకోవడం, బల్ల మీద కూర్చుని కాలు తిన్నగా చాపి పది లెక్కపెట్టి దించడం, అలా పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు చేయడం. ఇవి ఏ మాత్రకీ తీసిపోవు. నొప్పి మందునే పైపూతగా రాసుకుంటే కడుపుకీ కిడ్నీకీ భారం చాలా తక్కువ. కానీ నల్లజీడితో కాల్చడం, వాతలు పెట్టడం మానాలి. పుండు పడుతుంది, జబ్బు పోదు. కీళ్లవాతాన్ని ఆకు పసరుతోనే ఆపుదామని రెండేళ్లు చూస్తే ఆ రెండేళ్లలో వేళ్లు వంకర్లు పోతాయి. అడవి మందు, ఆసుపత్రి మందు అని రెండు పార్టీలుగా విడిపోవాల్సిన పని లేదు. ఏది ఏ పనికి అన్నదే చూడాలి.

మరి ఏం చేయాలి

మా అభిప్రాయం సూటిగా చెప్తున్నాం. ఇది అవగాహన సదస్సు పెట్టి, బ్యానర్ కట్టి, ఫోటో దిగితే తీరేది కాదు. మెథోట్రెక్సేట్ మొదలుపెట్టిన మనిషికి మొదట్లో తరచుగా, తర్వాత రెండు మూడు నెలలకోసారి రక్త కణాలు, కాలేయం, కిడ్నీ పరీక్షలు కావాలి. ఆ మూడు పరీక్షల కోసం ప్రతిసారీ జిల్లా ఆసుపత్రికి రమ్మంటే మన వాళ్లు రెండోసారి వెళ్తారు, మూడోసారి వెళ్లరు. అప్పుడు వాళ్లు తిరిగి సంత పొట్లానికే పోతారు. కాబట్టి ఐటీడీఏ పీవో గార్లకి, జిల్లా వైద్యాధికారులకి మనం అడగాల్సింది ఇవి. పీహెచ్‌సీలోనే నెలకో రోజు రక్తం తీసుకుని, పరీక్షకి వాళ్లే పంపాలి. నిపుణుడు ఒకసారి రాసిన మందు పీహెచ్‌సీలోనే నిల్వ ఉండాలి. కీళ్ల నొప్పితో వచ్చిన 40 ఏళ్ల లోపు ప్రతి ఆదివాసీకి సికిల్ పరీక్ష చేయాలి. చీటీ మీద సూర్యుడు, చంద్రుడు, సంత గుర్తు బొమ్మలు వేసి ఇవ్వాలి, కువి, కోయ, గోండి, సవర మాట్లాడే మనిషి చేత చెప్పించాలి.

ఇంకోటి మన చేతుల్లోనే ఉంది. 1996 పీసా చట్టం ఊరి సంతల నిర్వహణ మీద గ్రామసభకి, పంచాయతీకి అధికారం ఇచ్చింది. భూమి, ఇసుక విషయాల్లోనే పీసా గుర్తొస్తుంది మనకి. "మా సంతలో పేరు లేని మాత్ర, పొడి అమ్మడానికి వీల్లేదు" అని గ్రామసభ తీర్మానం చేసి డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి పంపితే ఎందుకు కాదు? ఆర్ఎంపీతో గొడవ పడమని కాదు. ఆయన్ని కూర్చోబెట్టి అడగండి. స్టెరాయిడ్ ఇవ్వొద్దు, ఇచ్చే ప్రతి మాత్ర పేరు చీటీ మీద రాయి, నల్లటి విరేచనం అన్నా, ముఖం వాపు అన్నా వెంటనే పీహెచ్‌సీకి పంపు. ఈ మూడింటికి ఒప్పుకునే మనిషితో మనకి పేచీ లేదు.

ఇక మనం. ఈ గ్రూపులో నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఉన్నారు. వచ్చే సెలవులకి ఒక్కొక్కరం మన ఊళ్లో పదిళ్లు తిరుగుదాం. వైద్యం చేయడానికి కాదు, అడగడానికి. నొప్పి ఎన్నాళ్ల నుంచి, ఏ మాత్ర వాడుతున్నారు, పొద్దున్న పిడికిలి మూసుకోడానికి ఎంత సేపు పడుతోంది. ఈ మూడు రాసుకుని, ఇంటివాళ్లు సరేనంటే పొట్లం ఫోటోతో ఏఎన్ఎంకి ఇద్దాం. ఊరి పేరు, మనిషి పేరు గ్రూపులో పెట్టొద్దు. ఎంతమందికి పేరు లేని మాత్రలు నడుస్తున్నాయో లెక్క మాత్రం మన దగ్గర ఉండాలి. లెక్క లేకుండా పోతే ఆఫీసులో "అర్జీ పెట్టి వెళ్లండి" అంటారు. లెక్కతో పోతే కూర్చోమంటారు.

మన ఇళ్లల్లో ఇంకా కొందరు చిన్నవాళ్లే ఉన్నారు, వేళ్లు ఇప్పుడిప్పుడే వాస్తున్న అక్కలు, వదినలు. అవ్వ వంకరపోయిన వేళ్లని మనం తిన్నగా చేయలేం. వీళ్ల వేళ్లని మాత్రం ఇప్పుడు పట్టించుకుంటే కాపాడుకోవచ్చు.

మీ ఊళ్లో పరిస్థితి ఏంటో కింద రాయండి. పీహెచ్‌సీలో ఏ మందు దొరుకుతోంది, ఏది దొరకట్లేదు, రక్త పరీక్షకి ఎంత దూరం పోవాల్సి వస్తోంది, అవి రాస్తే అర్జీ తయారు చేయడానికి పనికొస్తుంది.

జోహార్. జై ఆదివాసీ.